‘స్తో’ దగ్గర ఆగిన పాట

మా అమ్మకీ మా అత్తయ్యగారికీ వియ్యం కుదరక ముందే పోటీ కుదిరింది. అత్తయ్యగారు ఏలూరులో మా చర్చి స్త్రీల సమాజం పాటల బృందాన్ని నడిపేవారు. మా అమ్మ తాడేపల్లిగూడెంలో తన చర్చి బృందాన్ని నడిపేది, హార్మోనియం కూడా తనే వాయించేది. చుట్టుపక్కల సంఘాల స్త్రీలకు ఏటా జరిగే పాటల పోటీలో ఇద్దరూ ఎదురుపడేవారు. పెళ్ళిచూపుల రోజున అందరూ నా చదువు గురించీ అబ్బాయి ఉద్యోగం గురించీ మాట్లాడుకుంటుంటే, అత్తయ్యగారు అమ్మ వైపు వంగి, "ఈ ఏడు ఏ శృతిలో ఎత్తుకుంటున్నారండీ?" అని అడిగారు. "ఇంకా అనుకోలేదండీ," అంది అమ్మ. పచ్చి అబద్ధం. అప్పటికే ఆ శృతి వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

అత్తయ్యగారు మంచి మనిషి. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ నా పుట్టింటి ఊసు వస్తే చాలు, ‘మీవాళ్ళు’ అనేవారు. "మీవాళ్ళు పాట ఎత్తుకోవడం బానే ఎత్తుకుంటారమ్మాయ్, చివర్లోనే పరిగెత్తేస్తారు," అనేవారు. పుట్టింటికి వెళితే అమ్మ, "మీ ఏలూరు వాళ్ళది గొంతు కాదే, పట్టుదల," అనేది. అత్తింట్లో గూడెం దాన్ని, పుట్టింట్లో ఏలూరు దాన్ని. ఆ రెండూళ్ళ మధ్య పాసింజరు రైల్లో కూర్చున్నంతసేపే నేను ఎవరి దాన్నీ కాకుండా హాయిగా ఉండేదాన్ని. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ‘మీవాళ్ళు’ అన్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉండేది. పెళ్ళయి మూడేళ్ళు దాటినా ఆ ఇంట్లో నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నేమో అనిపించేది.

అది రెండువేల ఎనిమిదో తొమ్మిదో. మా బృందానికి హార్మోనియం వాయించే మాస్టారికి జంగారెడ్డిగూడెం బదిలీ అయింది. పోటీ ముంచుకొస్తోంది. అత్తయ్యగారు ఆశగా నా వైపు చూశారు, హార్మోనియం వాయించే ఆవిడ కూతురిని కదా అని. నేను తల అడ్డంగా ఊపాను. చిన్నప్పుడు అమ్మ హార్మోనియం పెట్టె తెరిచినప్పుడల్లా బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్న ఘనత నాది.

అప్పుడు మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారు. అందరి లాప్‌టాపుల్లో ఉండే విండోస్ ఆయనకు నచ్చదు. తన దాంట్లో దాని బదులు లినక్స్ అనే ఇంకోటి వేసుకుని, దాన్ని ఇరవై నాలుగు గంటలూ కెలుకుతూ ఉండేవారు. "అమ్మా, మనకి హార్మోనియం ఎందుకు? ఇదే వాయిస్తుంది," అన్నారు. అత్తయ్యగారు కూనిరాగం తీస్తే, చిన్నప్పటి నుంచీ వినీ వినీ ఉన్నదాన్ని కాబట్టి నేను స్వరం చెప్పేదాన్ని, ఆయన ఒక్కో స్వరం కీబోర్డు మీద కొట్టేవారు. వాద్యం తయారైంది. నిజం చెప్పొద్దూ, చాలా బాగా వచ్చింది. సీడీలో ఎక్కించేద్దామన్నాను నేను. కానీ అత్తయ్యగారు ఇవాళ శృతి తగ్గించమనేవారు, రేపు వేగం పెంచమనేవారు. లాప్‌టాప్‌లో అయితే అవన్నీ క్షణాల్లో పని. కాబట్టి లాప్‌టాపే ఖాయమైంది. పాట మొదలుపెట్టేటప్పుడు మీట నొక్కే ఉద్యోగం నాకు ఇచ్చారు. "అమ్మాయి చేతిలో పెట్టాను," అని అత్తయ్యగారు అందరి ముందూ అనేసరికి నాకు భలే గర్వమేసింది.

మా బృందానికి ఒక నియమం ఉండేది. వాద్యం ఆగేదాకా గొంతు ఆపకూడదు. పాత మాస్టారు కళ్ళు మూసుకుని, చరణం చివర ఒక స్వరం పట్టుకున్నారంటే ఓ పట్టాన వదిలేవారు కాదు. ఆయన కోసం పెట్టిన నియమం అది. ఆయన వెళ్ళిపోయినా నియమం మాత్రం మా ఆడవాళ్ళ ఒంట్లో ఇంకిపోయింది.

ఒక శనివారం సాయంత్రం సాధన చేస్తున్నాం. పోటీలో అన్ని సంఘాలూ పాడాల్సిన పాట ఒకటే. అందులో ప్రతి చరణమూ ‘స్తోత్రము’ అని ముగుస్తుంది. మొదటి చరణం అయింది. రెండో చరణం చివర మావాళ్ళు ‘స్తో’ అన్నారు. లాప్‌టాప్‌లోంచి వస్తున్న స్వరం అక్కడే ఉండిపోయింది. ఉండిపోవడమంటే, ఆటో హారన్ ఇరుక్కుపోయినట్టు అదే ముక్క బర్రుమంటూ మోగుతోంది. మావాళ్ళు కూడా ‘స్తోఓఓఓ’ అని పట్టుకునే ఉన్నారు. ఒకావిడకు ఊపిరి అందక కళ్ళు తేలేస్తున్నా నోరు మాత్రం మూయలేదు. నేను ఏ మీట నొక్కినా పలకదు. తెర మీద బాణం గుర్తు ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది. చివరికి పవర్ బటన్ గట్టిగా అదిమి పట్టుకుంటే అది చచ్చింది. బృందమంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఆ తర్వాత తలా ఒక వైద్యం చెప్పారు. వేడెక్కిందని ఒకావిడ ఫ్యాను కిందికి జరిపింది. దుమ్ము పట్టిందని ఇంకొకావిడ పమిట చెంగుతో తుడిచింది. మూడో ఆవిడ మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మా ఆయన వచ్చి మళ్ళీ ఆన్ చేస్తే అది మామూలుగా లేచింది. ఆవిడ తన ప్రార్థన వల్లేనని అనుకుంది. నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ బిగుసుకుపోయింది.

ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపడింది. మా ఆయన అంతకుముందు రోజే కాలేజీలో నెట్‌కు పెట్టి కెర్నల్ అప్‌డేట్ చేశారట.

"కెర్నల్ అంటే ఏవిట్రా?" అన్నారు అత్తయ్యగారు.

"గింజ అనుకో అమ్మా. పైకి కనపడే బొమ్మలూ అక్షరాలూ అన్నీ పొట్టులాంటివి. లోపల ఉండి అన్నిటినీ నడిపించేది గింజ. ఆ గింజ కొత్తది వస్తే మార్చాను."

అత్తయ్యగారిది దెందులూరు దగ్గర వరి పండించే కుటుంబం. గింజ అనగానే ఆవిడకు విషయం మొత్తం అర్థమైపోయింది. "కొత్త గింజ వచ్చిందని ఎవరైనా చేలంతా ఒకేసారి చల్లేస్తారా నాన్నా? ముందు ఓ మూల కాస్త వేసి చూసుకోవాలి కదా! ఇంతకీ పాత గింజ ఉంచావా, బుక్కేశావా?"

"ఉందమ్మా. పాతది అదే ఉంచుతుంది," అన్నారాయన, తల వంచుకుని.

ఉపాయం కూడా ఉంది. లాప్‌టాప్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద కాసేపు మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడతాయి. ఆలోపు ఎస్కేప్ మీట నొక్కితే కొత్త గింజా పాత గింజా వరసగా కనిపిస్తాయి. పాతదాన్ని ఎంచుకుంటే ఏ బాధా లేదు. నొక్కకపోతే తనంతట తనే కొత్తదానితో లేస్తుంది, ఎప్పుడు బిగుసుకుంటుందో దానికే తెలియదు. "ఆ కొత్తదాన్ని పీకి పారేయండి," అన్నాను. తీసేస్తే లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుందంటారాయన. పోనీ పాతదానితోనే లేచేటట్టు చెయ్యమంటే, చేస్తాను రేపు అన్నారు. ఆయన రేపు ఎలాంటిదో నాకు తెలుసు. వంటింటి గొళ్ళెం బిగించడానికి కూడా ఇలాగే రేపు రేపని ఏడాది గడిపిన మనిషి.

పోటీ ఆ ఏడాది గూడెంలోనే, మా అమ్మ వాళ్ళ చర్చి పక్క హాల్లో. అందరం పొద్దున్నే పాసింజరు ఎక్కాం. వియ్యపురాలి ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళతామని అత్తయ్యగారు కొల్లేటి కొరమీనులు మూత ఉన్న డబ్బాలో నీళ్ళు పోసి మరీ తెచ్చారు. దెందులూరు దాటేదాకా అవి డబ్బాలో తపతపా కొట్టుకుంటూనే ఉన్నాయి. కిటికీ బయట చేలూ చేపల చెరువులూ, చెరువుగట్ల మీద బారులు తీరిన కొంగలూ. నేను అవేవీ చూడలేదు. సంచీలో ఉన్న లాప్‌టాప్‌నే తడుముకుంటూ కూర్చున్నాను. ఎందుకంటే భీమడోలులో రైలు ఆగినప్పుడు మా బృందంలోని ఒక పిన్నిగారు, "కోడలి పుట్టింటి ఊళ్ళో, కోడలి చేతిలో వాద్యం. జాగ్రత్తండోయ్," అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇవాళ ఇది గనక బిగుసుకుపోతే, నేను కావాలనే చేశానని ఎవరూ పైకి అనరు, కానీ లోపల అనుకుంటారు. అత్తయ్యగారు కూడా అనుకుంటారేమో. అదే నా భయం.

ఆ పోటీకి ఒక షరతు ఉండేది. ఏ సంఘం వాద్యం ఆ సంఘమే తెచ్చుకోవాలి. ఒకరి వాద్యం ఇంకొకరికి వాయిస్తే రెండు బృందాలనూ లెక్కలోంచి తీసేస్తారు. అంతకుముందు ఒక పెద్దాయన హార్మోనియంతో ఊరూరా తిరిగి అందరికీ వాయించేస్తూ ఉంటే, ఎవరిది ఎవరి ప్రతిభో తేలట్లేదని గొడవపడి ఆ షరతు పెట్టించింది మా అమ్మే. దాని గురించి ఆవిడ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

హాల్లోకి వెళ్ళాం. అమ్మ ముందు వరసలో తన బృందంతో కూర్చుని ఉంది. పక్కనే హార్మోనియం. మా తర్వాత వంతు వాళ్ళదే. మా ఆయన స్టేజీ పక్క బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, వైర్లన్నీ కలిపి, ఆన్ చేశారు. నల్లటి తెర వచ్చింది. ఆయన వేలు ఎస్కేప్ మీట మీదికి వెళుతోంది.

"అల్లుడుగారూ!"

మా అమ్మ. చేతిలో పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసు.

"పొద్దుననగా బయల్దేరి ఉంటారు. ముందు ఇది పుచ్చుకోండి బాబూ, పాటకేముంది!"

అత్తగారు స్వయంగా కాఫీ తెచ్చి నిలబడితే అల్లుడు ఏం చేస్తాడు? గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు ఎవడైనా ఏం చేస్తాడో మా ఆయనా అదే చేశారు. గబుక్కున లేచి నిలబడి, రెండు చేతులా గ్లాసు అందుకుని, "మీకెందుకండీ శ్రమ," అన్నారు. "శ్రమేముందండీ," అంది అమ్మ. "పంచదార సరిపోయిందా అండీ?" అని కూడా అడిగింది. ఆయన ఒక గుక్క తాగి, సరిపోయిందని చెప్పి, తెర వైపు తిరిగేసరికి మూడూ రెండూ ఒకటీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. లాప్‌టాప్ చక్కగా లేచి కూర్చుంది.

మళ్ళీ ఆపి ఆన్ చేద్దామనుకునేలోపే మైకులో మా సంఘం పేరు పిలిచేశారు. మావాళ్ళు వరసగా స్టేజీ ఎక్కేస్తున్నారు. ఆయన నా చెవిలో, "కొత్త గింజ లేచింది," అన్నారు. "నాలుగు నిమిషాల పాట. నిలబడుతుందిలే."

నిలబడుతుందట! ఆ క్షణాన ఆయన చేతిలో ఉన్న కాఫీ ఆయన నెత్తిన పోయాలనిపించింది. అత్తయ్యగారు చెయ్యి ఎత్తి నా వైపు చూశారు. నేను మీట నొక్కాను.

మొదటి చరణం అద్భుతంగా వచ్చింది. సభలో గుసగుసలు కూడా ఆగిపోయాయి. రెండో చరణం అంతకంటే బాగుంది. నేను ఆ బాణం గుర్తునే చూస్తున్నాను. మూడో చరణం చివరికొచ్చింది. మావాళ్ళు ‘స్తో’ అన్నారు.

బర్ర్ర్‌ర్ర్.

సాధనలో జరిగినట్టే. ఇంకేముంది, మా బృందం ‘స్తోఓఓఓ’ పట్టుకుంది. అత్తయ్యగారి చెయ్యి గాలిలో అలాగే ఉంది, ఆవిడ కళ్ళు నా మీద ఉన్నాయి. వాద్యం ఆపేద్దామా అంటే, నియమం ప్రకారం వాళ్ళు ఆ ‘స్తో’ దగ్గరే ఆగిపోతారు. పాట అక్కడే చచ్చిపోతుంది. ఆపకపోతే ఎవరో ఒకరు పడిపోతారు. పిన్నిగారి మొహం అప్పటికే కందగడ్డలా అయింది. సభలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు కిందినుంచి హార్మోనియం వినపడింది. సరిగ్గా అదే స్వరం. మొదట సన్నగా, తర్వాత నిండుగా. తలెత్తి చూస్తే మా అమ్మ ఒక చేత్తో తిత్తి కొడుతూ, ఇంకో చేయి హార్మోనియం మెట్ల మీద పెట్టి, నా వైపు చూసి కళ్ళతో సైగ చేస్తోంది. ఆ దిక్కుమాలినదాన్ని ఆపవే అని. చిన్నప్పటి నుంచీ నాకు బాగా అలవాటైన చూపు అది. పవర్ బటన్ అదిమి పట్టాను. బర్రుమనే మోత పోయింది, హార్మోనియం మాత్రం మిగిలింది. అమ్మ ఆ స్వరం మీదినుంచి మెల్లగా కిందికి దిగింది. మావాళ్ళందరూ ఆవిడ వెంటే దిగి, ‘త్రము’ అన్నారు. ఆఖరి చరణం కూడా ఆవిడే వాయించింది, ఒక్క చోట కూడా పరిగెత్తకుండా.

చప్పట్లు మారుమోగిపోయాయి. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన మైకు పట్టుకుని ఎంతో మర్యాదగా, "ఏలూరు వారు ఆ ఒక్క అక్షరాన్ని అంతసేపు నిలబెట్టడం నా జీవితంలో వినలేదండీ. కానీ షరతు షరతే కదండీ. ఏలూరు వారినీ గూడెం వారినీ లెక్కలోంచి తీసేయాల్సి వస్తోంది, మన్నించాలండీ," అన్నారు. మొదటి బహుమతి స్టీలు బిందె పెదపాడు వాళ్ళు ఎగరేసుకుపోయారు. అమ్మ బృందంలోని ఆడవాళ్ళు ఆవిడను చూసిన చూపులకు నాకే ఒళ్ళు మండింది. పాట పాడకుండానే ఇంటికెళ్ళాల్సి వచ్చింది వాళ్ళకి.

మధ్యాహ్నం మా పుట్టింట్లో అందరికీ భోజనాలు. కొరమీను పులుసు వడ్డిస్తూ ఉంటే అత్తయ్యగారు అమ్మ చెయ్యి పట్టుకుని ఆపారు.

"వదినగారండీ, ఆ షరతు మీరు పెట్టించిందే కదండీ. మరచిపోయారా?"

"ఎందుకు మరచిపోతానండీ? పెట్టె తెరిచేటప్పుడు కూడా గుర్తుంది," అంది అమ్మ. "కానీ ‘స్తో’ దగ్గర వదిలేసి వచ్చేస్తే నాకు ముద్ద దిగుతుందాండీ? మా బృందం వాళ్ళు ఎలాగూ ఓ వారం నాతో మాట్లాడరు. మీరు ఇంకో ముక్క వేసుకోండి వదినగారండీ, తల ముక్క మీకోసమే ఉంచాను."

అమ్మ తెచ్చిన కాఫీ వల్లే ఇదంతా జరిగిందని మా ఆయన చెప్పబోతే నేను బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కాను. అయినా చెప్పేశారు. అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "మూడంకెలకేనా అంత తొందర దానికి? కాఫీ తాగేదాకా కూడా ఆగదా?" అంది. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

సాయంత్రం పాసింజరులో అందరూ అలసిపోయి ఉన్నారు. మా ఆయన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, కొత్త గింజను తీసేస్తున్నారు. అమ్మ ఇచ్చిన ఉల్లిపాయల సంచీ అత్తయ్యగారి కాళ్ళ దగ్గర ఉంది. ఎవరో సరదాగా ‘స్తో’ అన్నారు. రైలు పెట్టెలో అవతలి చివరినుంచి ఇంకెవరో ‘త్రము’ అన్నారు. మళ్ళీ నవ్వులు. అప్పుడు పిన్నిగారు, "ఏమైనా అనండి, ఆవిడ ఆ కాఫీ గ్లాసు పట్టుకు రాకపోతే బిందె మనదే. కోడలిగారి వాళ్ళు సమయం చూసి భలే వచ్చారు," అంది.

నా నవ్వు ఆగిపోయింది. పొద్దుటి నుంచీ నేను భయపడుతున్న మాట అదే. నాకు అసలే కోపమెక్కువ. ఏదో గట్టిగా అనడానికి నోరు తెరిచాను. కానీ నాకంటే ముందు అత్తయ్యగారు అందుకున్నారు.

"అలా అనకండమ్మా. బిందె మనకొక్కళ్ళకేనా పోయింది? మనవాళ్ళకీ పోయింది."

మనవాళ్ళు. పిన్నిగారు గమనించిందో లేదో తెలియదు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. సంతోషంతోనే. రైలు పూళ్ళ స్టేషను దాటింది. కాసేపటికి ఎప్పటిలా ఆటపట్టించబోయాను.

"అయితే అత్తయ్యగారూ, మనవాళ్ళు ఈసారి చివర్లో పరిగెత్తలేదన్నమాట."

"లేదమ్మాయ్," అన్నారు అత్తయ్యగారు. "మనకోసం ఆగారు."